పళ్లెం అంచు మీద బరువు లెక్క

కూచిపూడి తరంగంలో ఇత్తడి పళ్లెం వేదిక మీదికి రాగానే సభలో ఫోన్లన్నీ పైకి లేస్తాయి. రసజ్ఞులమనుకునేవారు మాత్రం ముఖం చిట్లించి, ఇక గారడీ మొదలైందంటారు. ఈ రెండు వర్గాలూ నర్తకి పాదాలను సరిగ్గా చూడవన్నదే నా ఫిర్యాదు.

పళ్లెం అంచు దాని అడుగుకన్నా వెడల్పుగా విచ్చుకుని ఉంటుంది. నేలను తాకేది అడుగు, పాదాలు నిలిచేది అంచు. అంటే ఆధారానికి కాస్త వెలుపలే పాదాలున్నాయన్నమాట. బరువు రెండు పాదాల మీదా పంచుకుని ఉన్నంతసేపూ భయం లేదు. మొత్తం ఒక్క పాదం మీదికి జారిందా, అవతలి అంచు లేస్తుంది. మామూలు నడకలో ప్రతి అడుగుకూ ఓ క్షణం ఒంటికాలి మీదే నిలబడతాం. నేల మీద వేసే జతుల్లోనూ అంతే. పళ్లెం మీద ఆ సౌకర్యం లేదు.

మరి పళ్లెం ముందుకెలా కదులుతుంది? అరికాలి గుంటలో అంచు ఇముడుతుంది, వేళ్లు దాన్ని పట్టుకుంటాయి. కుడివైపు కాస్త ఎక్కువ బరువు ఉంచి, ఎడమవైపు తేలిక చేసి, నడుము కింద నుంచి ఓ చిన్న మెలి తిప్పుతారు. ఎడమ అంచు రెండు మూడు వేళ్ల మేర ముందుకు జరుగుతుంది. తర్వాత కుడివైపు వంతు. తేలిక చేయడమంటే పూర్తిగా ఖాళీ చేయడం కాదు, రాపిడి తగ్గేంతవరకే. ఆ కొలత ఏ పుస్తకంలోనూ దొరకదు, మడమలకే తెలుస్తుంది. పైగా ఇదంతా తాళంలో జరగాలి. ఆదితాళం ఎనిమిది అక్షరాల మీద తిశ్రం, ఖండం, మిశ్రం నడకలు మారుతుంటే, పళ్లెం నేలను గీసే చప్పుడు కూడా మృదంగం దెబ్బతో కలిసి పడాలి. పైన ముఖంలో బాలకృష్ణుడు నవ్వుతూనే ఉండాలి. తరంగమంటే నారాయణతీర్థుల కృష్ణలీలా తరంగిణిలోని కీర్తన కదా. అభినయం లేని తరంగానికి పళ్లెం ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే.

ఇక తలమీది చెంబు. అందరూ జంకేది దాని బరువుకే. లెక్క వేస్తే కథ వేరుగా ఉంటుంది. 50 కిలోల నర్తకి నిలబడి ఉంటే ఒంటి బరువు కేంద్రం, అంటే గరిమనాభి, నేల నుంచి 90 సెంటీమీటర్ల ఎత్తున ఉందనుకుందాం. తలమీద, 165 సెంటీమీటర్ల ఎత్తున, నీళ్లతో కలిపి కిలో బరువున్న చెంబు పెట్టాం. 50ని 90తోను, 1ని 165తోను గుణించి, రెండూ కూడి, 51తో భాగిస్తే దాదాపు 91.5 వస్తుంది. పైకి పోయింది సెంటీమీటరున్నర. అరమండిలో మోకాళ్లు వంచగానే ఒళ్లు అంతకు ఎన్నో రెట్లు కిందికి దిగుతుంది. కాబట్టి చెంబు తెచ్చే చిక్కు బరువులో లేదు. దాన్ని తలకు ఎవరూ కట్టలేదు, అదీ చిక్కు. పాదాల్లో పుట్టిన ప్రతి కుదుపూ మెడ దాకా చేరకముందే మోకాళ్లలో, నడుములో ఆగిపోవాలి. నిండు కుండ తొణకదన్నది సామెతే కాదు, భౌతికశాస్త్రం కూడా. సగం నీళ్లున్న చెంబులో నీరు అటూ ఇటూ ఊగుతూ బరువు కేంద్రాన్ని తనతో లాక్కుపోతుంది.

చిన్న విమానాల మెకానిక్కులు చేసేదీ ఈ గుణకారమే. 700 కిలోల విమానం ముక్కులో పాత ఇంజిన్ తీసి, 10 కిలోలు ఎక్కువున్నది బిగించారనుకోండి. ఆ ఇంజిన్ గరిమనాభికి మీటరున్నర ముందుంటే, గరిమనాభి రెండు సెంటీమీటర్ల పైచిలుకు ముందుకు జరుగుతుంది. అది కదలడానికి అక్కడ ఉన్న చోటే సెంటీమీటర్ల లెక్క. అందుకే ఇంజిన్ మారిస్తే విమానాన్ని మళ్లీ తూచి, కొత్త అంకెలు రాసుకుని, అవసరమైతే ముందున్న బ్యాటరీని తోకవైపు మారుస్తారు. ఎంత బరువు మారిందన్నదానితోపాటు ఎంత దూరంలో మారిందన్నదీ చూడాలి.

కూచిపూడివారు ఈ సంగతి కాగితం మీద పెట్టలేదు గాని, పాటించారు. సంప్రదాయ ఆభరణాలు తేలికైన బూరుగు చెక్కతో చేసేవారు. తలమీద, భుజాల మీద, అంటే పాదాలకు దూరంగా ఉండే చోట బరువు తగ్గించడం ఎంత తెలివైన పని! భామాకలాపంలో సత్యభామ జడను ముందుకు వేసుకునే ఘట్టం చూడండి. వెనక ఉన్న బరువు ముందుకు రాగానే నడుము తన చోటు సర్దుకుంటుంది. మనం దాన్ని భామ గర్వమనుకుంటాం. అందులో సగం తూకం.

అన్నిటికంటే పెద్ద మార్పు ఒళ్లు మారడం. తరతరాలుగా కూచిపూడి మేళాల్లో ఆడినవారు మగవారే, స్త్రీ వేషాలూ వారివే. వేదాంతం సత్యనారాయణశర్మ సత్యభామగా నడిచొస్తే ఆడవాళ్లే అసూయపడేవారని చెప్పుకుంటారు. ఇరవయ్యో శతాబ్దంలో వేదాంతం లక్ష్మీనారాయణశాస్త్రి ఏకపాత్ర నృత్యానికి ఊపిరి పోశారు. వెంపటి చినసత్యం 1963లో మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టారు. ఆ తర్వాత ఈ నాట్యం ఎక్కువగా అమ్మాయిల చేతుల్లోకి వచ్చింది. ఎత్తుతో పోలిస్తే స్త్రీలలో గరిమనాభి సగటున ఒకటి రెండు శాతం కిందుగా ఉంటుంది. అయిదడుగుల పైచిలుకు మనిషికి అది దాదాపు రెండు మూడు సెంటీమీటర్లు. అంటే నీళ్ల చెంబు తెచ్చే తేడాకన్నా ఎక్కువే! ఎవరూ మళ్లీ తూచలేదు. గురువులు ఎదుట కూర్చుని తట్టుకర్రతో తాళం కొడుతూ, "మోకాలు ఇంకా తియ్యి", "తుంటి ఎగరకూడదు" అంటూ ఒక్కొక్క ఒంటికీ విడివిడిగా సరిచేశారు. ఈ విద్యను వీడియో చూసి నేర్చుకోవచ్చంటే నేను నమ్మకపోవడానికి కారణమిదే. వీడియోలో గురువు ఒంటి తూకం కనబడుతుంది, శిష్యురాలిది కనబడదు.

చివరగా సభలు నడిపేవారికి ఒక మాట. వేదిక మీద తివాచీ పరిచి తరంగం పెట్టకండి. మెత్తటి చోట పళ్లెం జారదు, నర్తకి దాన్ని ఈడ్చాల్సి వస్తుంది, చెంబులో నీళ్లు ఒలుకుతాయి. కొత్తగా పాలిష్ చేసిన టైల్స్ మరీ ప్రమాదం, తేలిక చేసిన అంచు ఆగాల్సిన చోట ఆగదు. చెక్క వేదికో, మామూలు సిమెంటు నేలో ఉంటే చాలు. సాయంత్రం కార్యక్రమానికి పొద్దున్నే ఒక్కసారి పళ్లెం వేసి చూసుకునే వీలు ఆ అమ్మాయికివ్వండి.