మురానో విద్యను దీవి దాటించిన లీనో

వెనిస్ పాలకులు 1291లో గాజు కొలిములన్నిటినీ నగరం నుంచి మురానో దీవికి తరలించారు. ఆ తర్వాత శతాబ్దాల పాటు అక్కడి పనితనాన్ని కుటుంబాలు గుట్టుగా దాచుకున్నాయి. పనివాడు దేశం విడిచి విద్య బయటపెట్టడం అప్పట్లో నేరం.

1934లో ఆ దీవిలోనే పుట్టిన లీనో తాల్యాపియెత్రా పదకొండో ఏట ఆర్కిమెదె సెగూసో కొలిమిలో చేరారు. ఇరవై ఒకటో ఏటికి మాయెస్త్రో అయ్యారు. అంటే జట్టు మొత్తాన్ని నడిపే పెద్ద మేస్త్రి. కొలిమి ముందు మాటలకు వ్యవధి ఉండదు. ఆయన చెయ్యి ఎటు కదిలితే జట్టు అటు కదలాలి.

ఆయన చేతిలో ఎంత విద్య ఉందో తెలియాలంటే రెటిచెల్లో పని చూడాలి. తెల్లగాజు ముద్దకు రంగులేని గాజు తొడుగు వేసి, మెత్తగా ఉండగానే ఇద్దరు చెరో కొసా పట్టుకుని ఎడంగా నడుస్తారు. ముద్ద సాగి సన్నని కడ్డీ అవుతుంది, లోపలి తెల్లగీత చెదరదు. ఆ కడ్డీలను కోసి, పక్కపక్కనే పేర్చి, వేడిమీద అతికించి, ఊదే గొట్టానికి చుట్టి, మెలితిప్పి ఊదుతారు. ఒక బుడగలో గీతలు కుడికి తిరుగుతాయి, ఇంకోదాంట్లో ఎడమకు. మొదటిదాన్ని గిన్నెలా విప్పి రెండోదాన్ని అందులోకి ఊదితే గీతలు వలగా అల్లుకుంటాయి. కడ్డీల గట్లు పూర్తిగా అణగవు గనక ప్రతి గడిలోనూ ఆవగింజంత గాలి చిక్కుతుంది. ఒకవైపు వేడి కాస్త ఎక్కువైనా వల వంకరపోతుంది.

ఇంకాల్మో ఇంకో పరీక్ష. విడివిడిగా ఊదిన రెండు రంగుల బుడగల మూతులు తెరిచి, వేడి తగ్గకముందే అంచుకు అంచు కలపాలి. కొలతలో తేడా వస్తే అతుకు నిలవదు.

డిజైనర్‌గా ఆయన ఎదిగింది ఫ్యాక్టరీలలోనే. వెనీని, లా మురీనా, 1976 నుంచి 1989 దాకా ఎఫెత్రె. ఊదే మనిషే గీసే మనిషి కూడా కావడంతో ఆయన రూపాలు కాగితం మీద కాక గాజు సాగే తీరులో పుట్టాయి. నా దృష్టిలో ఆయన ప్రత్యేకత అదే.

1979లో ఆయన వాషింగ్టన్ రాష్ట్రంలోని పిల్‌చక్ గాజు పాఠశాలకు వెళ్లారు. గాజు కళాకారుడు డేల్ చిహూలీ, కళాపోషకులైన హాబర్గ్ దంపతులు 1971లో దాన్ని నెలకొల్పారు. అమెరికా స్టూడియో కళాకారులకు ఊహలకు కొదవ లేదు, చేతికి సాధనే తక్కువ. లీనో కడ్డీ లాగడం దగ్గర్నుంచి దాచుకోకుండా చూపించారు. మురానోలో చాలామందికి అది మింగుడుపడలేదు. కానీ ఆ విద్యను ద్వీపంలోనే దాచి ఉంచితే కొలిములతో పాటే అదీ చల్లారేదని నేను నమ్ముతాను.

అమెరికా ఆయనకూ మేలు చేసింది. ఫ్యాక్టరీ సరుకు నుంచి సొంత శిల్పాలకు మళ్లారు. పొడవాటి మెడ వంపు తిరిగిన 'డైనోసార్' వరుస అలా వచ్చింది. కొన్ని శిల్పాలు చల్లారాక వాటి పైభాగాన్ని చక్రంతో చెక్కి, సుత్తిదెబ్బలు తగిలిన లోహం లాంటి రూపు తెప్పించేవారు. దీన్ని బత్తూతో అంటారు. 2021లో ఆయన ఊదే గొట్టం పక్కన పెట్టారు. కానీ ఆయన నేర్పిన విద్య ఆగలేదు. ఆయన దగ్గర నేర్చుకున్న అమెరికన్ డాంటే మారియోని రెటిచెల్లో వలతోనే పొడవాటి ఆకుల ఆకారాలు ఊదారు.