పగటివేషం ఎవరిది? – జూయిడర్‌జీ మత్స్యకార గ్రామాల ఒకరోజు యాత్ర: విమర్శనాత్మక పరిశీలన

ఆమ్‌స్టర్‌డామ్ నగరానికి ఉత్తరాన, బస్సులో సుమారు అరగంట ప్రయాణ దూరంలో, వోలెండమ్, మార్కెన్ అనే రెండు పాత మత్స్యకార గ్రామాలున్నాయి. నగరాన్ని చూడవచ్చిన విదేశీయులలో చాలామంది ఒక పగలు వెచ్చించి వీటిని చూసివస్తారు. ఈ యాత్రకు స్థిరమైన క్రమం ఒకటి ఏర్పడింది. ముందు జాన్సె స్ఖాన్స్‌లో గాలిమరలు. తరువాత మార్కెన్‌లో చెక్కబూట్లు చెక్కి చూపే ప్రదర్శన. అక్కడినుంచి పడవలో వోలెండమ్. ఆ రేవుగట్టున జున్ను రుచి, పొగబెట్టిన చేప, సంప్రదాయ దుస్తులలో ఒక ఫోటో. సాయంత్రానికి తిరుగు బస్సు. విడివిడిగా చూస్తే ఇవన్నీ వినోదాలు. వరుసలో పెట్టి చూస్తే ఇదొక కథనం. యాత్రాసాహిత్య విమర్శ యాత్రికుడు రాసిన గ్రంథాన్నే ఎక్కువగా పట్టించుకుంటుంది. యాత్రికుడు బయలుదేరకముందే అతనికోసం రాసిపెట్టిన ఈ క్రమాన్ని కూడా ఒక పాఠంగా చదవవలసిన అవసరం ఉంది. ఎందుకంటే అనేక యాత్రారచనలు ఈ పాఠానికి కేవలం అనులేఖనాలు.

ఈ పాఠం చెప్పే కథ చిన్నది. ఒకప్పుడు ఇక్కడ సముద్రం ఉండేది, జాలరులుండేవారు. ఆనకట్ట కట్టడంతో సముద్రం పోయింది. చేపలు పోయాక జాలరులు పర్యాటకులను నమ్ముకున్నారు. వినేవారికి కొంత జాలి, తాము చేసిన ఖర్చు ఆ ఊరికి ఆసరా అయిందన్న కొంత తృప్తి కలిగించే కథ ఇది. మొదటి రెండు మాటలు నిజమే. మూడవది కాలక్రమానికి నిలవదు. ఆ మూడవ మాట ఏమి దాస్తున్నదో పరిశీలించడం ఈ వ్యాసోద్దేశం.

సముద్రం సరస్సైన వైనం

జూయిడర్‌జీ అంటే దక్షిణ సముద్రం. ఉత్తర సముద్రం నుంచి నెదర్లాండ్స్ నడిబొడ్డుకు చొచ్చుకువచ్చిన, లోతు తక్కువైన ఉప్పునీటి పాయ అది. హెర్రింగ్, ఆంచొవి, ఈల్ అనే పాముచేప ఈ నీటిలో దొరికే ప్రధాన సంపద. తీరగ్రామాలకు అన్నం పెట్టిన ఆ నీరే ఊళ్ళను ముంచేది కూడా. 1916 జనవరి 13, 14 తేదీల నడిమి రాత్రి వచ్చిన తుఫానులో గట్లు తెగాయి. అప్పటికి ద్వీపంగా ఉన్న మార్కెన్‌లోనే పదహారు మంది మరణించారు. దిబ్బలమీద, కర్రగుంజలమీద ఇళ్ళు కట్టుకొన్న ఊరది. యాత్రికులు ముచ్చటపడి ఫోటోలు తీసుకునే ఆ ఎత్తుటిళ్ళు సౌందర్యంకోసం పుట్టినవి కావు. వరదభయంతో పుట్టినవి.

ఇంజనీరు, మంత్రి కార్నెలిస్ లేలీ అంతకుముందే రూపొందించిన ప్రణాళిక 1918లో చట్టమైంది. మొదటి ప్రపంచయుద్ధకాలపు ఆహారపు కొరత కూడా ఇందుకు దోహదం చేసింది. నీటిని ఆపి, కొంతమేర తోడి, పొలాలు చేయాలన్నది సంకల్పం. సుమారు 32 కిలోమీటర్ల పొడవైన అఫ్‌స్లౌట్‌డైక్ ఆనకట్టలో చివరి గండిని 1932 మే 28న పూడ్చారు. నదీజలం చేరి ఉప్పునీరు క్రమంగా మంచినీరైంది. ఆంచొవి పోయింది, ఈ నీటికి ప్రత్యేకమైన హెర్రింగ్ పోయింది. డచ్‌లో 'జీ' అంటే సముద్రం, 'మీర్' అంటే సరస్సు. జూయిడర్‌జీ ఐసెల్‌మీర్ కావడంతో సముద్రం పేరులో నుంచి కూడా తొలగిపోయింది. నష్టపోయే జాలరుల కోసం 1925లోనే ఒక సహాయచట్టం వచ్చిందంటే, నష్టం ఎవరికి జరుగుతుందో రాజ్యానికి ముందే తెలుసునన్నమాట. 1957లో గట్టురోడ్డు వేయడంతో మార్కెన్ ద్వీపం కాకుండా పోయింది.

ఈ ఆనకట్టను విధ్వంసంగా మాత్రమే చిత్రించడం అన్యాయమవుతుంది. లక్షల మంది నేడు నిద్రపోతున్నది దాని అండన. అయితే అందరి భద్రతకు మూల్యం చెల్లించింది మాత్రం కొన్ని తీరగ్రామాలే. ఒకరోజు యాత్రలో ఆనకట్ట ఇంజనీరింగ్ అద్భుతంగా వినబడుతుంది, జాలరి రంగుల దుస్తులుగా కనబడతాడు. మూల్యం చెల్లించిన విషయం ఆ రెండింటి నడుమ జారిపోతుంది.

చూపు ముందు, లేమి తరువాత

కాలక్రమంలో పొరపాటు ఎక్కడుందో ఇప్పుడు చూడవచ్చు. ఫ్రెంచి రచయిత హెన్రీ హవార్ 1873లో ఒక చిత్రకారుడితో కలిసి పడవలో జూయిడర్‌జీని చుట్టివచ్చాడు. మరుసటి ఏడు వెలువడిన అతని గ్రంథం ఈ తీరనగరాలకు 'మృతనగరాలు' అని పేరుపెట్టింది. ఒకప్పుడు తూర్పుదేశాల వర్తకంతో వెలిగిన హోర్న్, ఎంక్‌హౌజెన్ వంటి రేవులు అప్పటికి వెలవెలబోయినమాట వాస్తవమే. కాని ఊళ్ళలో మనుషులున్నారు, పడవలు నడుస్తున్నాయి, వలలు ఎండుతున్నాయి. బ్రతికున్న తీరాన్ని మృతమని ప్రకటించడంలోనే యాత్రికుడి కోరిక వ్యక్తమైంది. మరణించినది మాత్రమే అతనికి అందంగా కనబడుతుంది.

వోలెండమ్‌లో లేండర్ట్ స్పాండర్ హోటల్ తెరిచింది 1881లో. ఐరోపా నలుమూలల నుంచి చిత్రకారులు అక్కడికి వచ్చి మకాం పెట్టారు. ఫ్రెంచి చిత్రకారుడు అగస్టిన్ హనికోట్ అక్కడే సంవత్సరాల తరబడి నివసించాడు. వారు వదిలివెళ్ళిన చిత్రాలు నేటికీ ఆ హోటల్ గోడలనిండా ఉన్నాయి. ఊరివారు వారికి నమూనాలుగా కూర్చున్నారు. వదులు సరాయి, బొచ్చుటోపీ, రెక్కలు విప్పిన లేసు టోపీ, గట్టున ముసలి జాలరి – నేటి ఫోటో స్టూడియోలో తెరవెనుక తగిలించి ఉన్నవన్నీ ఆ చిత్రాలలో ఉన్నవే. ఆనకట్ట పూర్తయ్యేసరికి ఆ హోటల్‌కు యాభై ఏళ్ళు నిండాయి. అంటే పర్యాటకం చేపల తరువాత వచ్చిన ప్రత్యామ్నాయం కాదు. వల నిండుగా ఉన్నరోజుల్లోనే అది గ్రామంలో కాలుపెట్టింది. జాలరి ఒకే దుస్తులతో ఉదయం పడవ ఎక్కి, మధ్యాహ్నం చిత్రకారుడి ముందు కూర్చున్న కాలం ఒకటుంది. 'చేపలు పోయాయి కనుక వేషం వేశారు' అన్న కథ ఈ యాభై ఏళ్ళను చెరిపివేస్తుంది. చూసేవాడు పేదరికాన్ని ఆదుకోవడానికి వచ్చాడన్న భావన కలిగిస్తుంది. నిజానికి అతను ముందే వచ్చి, తనకు కావలసిన దృశ్యాన్ని ఎంచుకొని కూర్చున్నాడు.

అదే కాలానికి చెందిన మరొక డచ్ రచనను దీని పక్కన పెట్టి చూడడం అవసరం. హెర్మన్ హైయర్మన్స్ 1900లో రచించిన 'ఓప్ హోప్ ఫన్ జేగెన్' నాటకం ఉత్తర సముద్రపు జాలరుల గురించినది. పుచ్చిపోయిన ఓడ అని తెలిసీ యజమాని దానిని సముద్రంలోకి పంపుతాడు, వెళ్ళినవారు తిరిగిరారు, అతనికి బీమా ఉంది. ఈ నాటకంలో ఓడ యజమాని ఉన్నాడు, లెక్కల పుస్తకం ఉంది, విధవలున్నారు. వోలెండమ్ చిత్రాలలో ఓడ యజమాని దాదాపు కనబడడు. అక్కడి జాలరికి సముద్రంతో తప్ప మరెవరితోనూ పేచీ లేదు. ఒకరోజు యాత్ర వారసత్వంగా స్వీకరించింది చిత్రకారుల జాలరినే. నాటకకర్త జాలరికి అందులో చోటు దొరకలేదు.

ఆహార్యం, పగటివేషం

డీన్ మెకానెల్ 1973లో ప్రతిపాదించిన 'రంగస్థలీకృత ప్రామాణికత' అనే భావన ఇటువంటి గ్రామాల చర్చలో తరచు వినబడుతుంది. యాత్రికుడు తెరవెనుక జీవితాన్ని కోరతాడు, అతనికి తెరవెనుకలా అలంకరించిన మరొక రంగస్థలమే చూపుతారు అన్నది దాని సారాంశం. ఉపయోగకరమైన భావనే. కాని ఇందులో వేషం వేసినవాడిపై ఎంతోకొంత మోసపు నీడ పడుతుంది. భరతుడు చెప్పిన చతుర్విధాభినయాలలో ఆహార్యం ఒకటి. వేషం ధరించిన నటుడిని ఎవరూ అబద్ధికుడనరు. వేషం నిజమా కాదా అన్నది మన అలంకారశాస్త్రానికి ప్రశ్నే కాదు; ఆ వేషం ఏ అర్థాన్ని మోస్తున్నదన్నదే ప్రశ్న.

ఆ ప్రశ్న వేస్తే విషయం స్పష్టమవుతుంది. పూర్వం ఈ తీరగ్రామాల దుస్తులు ఒక భాష. ధరించిన వ్యక్తి ఏ ఊరివారో, ఏ మతశాఖవారో, పెళ్ళయినదో కానిదో, ఇంట్లో చావు జరిగి ఎంతకాలమైందో రంగును బట్టి, అంచును బట్టి తోటివారు చదువుకొనేవారు. వోలెండమ్ కాథలిక్ గ్రామం, మార్కెన్ ప్రొటెస్టెంట్ గ్రామం. నీటికి అటూఇటూ ఉన్న ఈ రెండు ఊళ్ళ దుస్తులు ఒకటి కావు. యాత్రాక్రమంలో ఆ వ్యాకరణమంతా పోయి, ఒక పదం మాత్రం మిగిలింది: 'డచ్'. వోలెండమ్ స్త్రీల రెక్కలటోపీ దేశం మొత్తానికి చిహ్నమైపోయింది. కాథలిక్ పల్లె ఒకదాని టోపీ, ప్రొటెస్టెంట్ దేశంగా పేరుపడిన నెదర్లాండ్స్‌కు ముఖచిత్రం కావడంలోని చమత్కారాన్ని ఏ గైడూ చెప్పకపోవడంలో వింత లేదు.

ఫోటో స్టూడియోలో వేషం వేసుకొనేది యాత్రికుడే. తాను వేసుకొచ్చిన బట్టల మీదనే ఆ దుస్తులు తగిలించుకొని నిలబడతాడు. ఫోటో తీసే గ్రామస్థుడు మామూలు చొక్కా ప్యాంటుతో ఉంటాడు. తెలుగునాట పగటివేషగాడు పట్టపగలు వేషం కట్టి ఇంటింటికీ వస్తాడు. అతనెవరో అందరికీ తెలుసు. చూసేవారినే ఎత్తిపొడుస్తాడు, చివరిరోజు సంభావన పుచ్చుకొని వెళతాడు. ఇక్కడ ఆ సంబంధం తారుమారైంది. ప్రేక్షకుడే ఊరికి వచ్చి, ప్రేక్షకుడే వేషం కట్టి, సంభావన కూడా తానే ఇచ్చుకొని పోతున్నాడు. పగటివేషంలోని ఎత్తిపొడుపు మాత్రం ఇందులో లేదు. ఉంటే గింటే అది కెమెరా వెనుక నిలబడ్డ గ్రామస్థుడి మౌనంలో ఉండాలి. మోసపోయిన యాత్రికుడు, మోసగించే గ్రామస్థుడు అన్న సూత్రం ఈ స్థితిని వివరించలేదు. గ్రామం తన ముఖాన్ని తప్పించి, యాత్రికుడికి అతని ముఖాన్నే అమ్ముతున్నది. ఇది ఆత్మగౌరవాన్ని కాపాడుకొనే ఒక తెలివైన ఏర్పాటుగా కూడా కనిపిస్తుంది.

దుస్తుల ప్రసక్తిలో తెలుగు పాఠకుడు విస్మరించరాని అంశం మరొకటి ఉంది. జూయిడర్‌జీ తూర్పుగట్టున, ఫ్రీస్‌లాండ్‌లో, హిందెలోపెన్ అనే చిన్న ఓడరేవు ఉంది. అక్కడి స్త్రీల ప్రసిద్ధమైన పొడవాటి అంగీని భారతదేశపు చీటిగుడ్డతో కుట్టేవారు. ఆ గుడ్డకు డచ్‌లో 'సిట్స్' అని పేరు. 17వ శతాబ్ది తొలి దశకంలోనే డచ్ వర్తకులు నిజాంపట్నం, మచిలీపట్నం చేరారు. చిరివేరు ఎరుపుతో, కలంకారీ పనితో కోరమండల్ తీరపు అద్దకం వారి ఓడలలో ఆమ్‌స్టర్‌డామ్ సంతలకు వెళ్ళింది. మచిలీపట్నం, భీమునిపట్నం డచ్ సమాధులు ఆ రాకపోకలకు ఈ కొసన మిగిలిన గుర్తులు. 'అచ్చమైన స్థానిక వేషం'గా చెప్పబడుతున్న దానిలో ఒక పోగు బంగాళాఖాతపు ఒడ్డుది. ఈ గ్రామాలను చూడబోయిన తెలుగు యాత్రికుడు అద్దాలపెట్టె ముందు పరాయివాడుగా నిలబడి, తన ఊరి అద్దకాన్ని గుర్తించకుండానే బస్సెక్కే అవకాశం ఎక్కువ. హిందెలోపెన్ ఒకరోజు యాత్రాక్రమంలోకి సాధారణంగా రాదు కూడా.

క్రమంలోకి రానివి ఇంకా ఉన్నాయి. ఉర్క్ కూడా ఒకనాటి జూయిడర్‌జీ ద్వీపమే. 1939లో గట్టు కలిసి అది ద్వీపం కాకుండా పోయినా, అక్కడి జాలరులు ఉత్తర సముద్రానికి తరలి వృత్తిని నిలుపుకొన్నారు. నిజమైన చేపల వేలం జరిగే ఆ ఊరికి యాత్రాబస్సులు అంతగా వెళ్ళవు. 1960, 70లలో వోలెండమ్ యువకులు ఆంగ్లగీతాలు పాడే బృందాలు కట్టి దేశాన్ని ఊపారు. ది క్యాట్స్, బి.జెడ్.ఎన్. అటువంటివి. ఆ బాణీకి 'ఈల్ ధ్వని' అని ముద్దుపేరు వచ్చింది. 2001 నూతన సంవత్సరపు రాత్రి రేవుగట్టునున్న ఒక కేఫేలో నిప్పంటుకొని పద్నాలుగు మంది యువతీయువకులు చనిపోయారు. పగటిపూట ఫోటోలు తీసుకొనే గట్టు అదే. ఈ పాటకూ, ఈ చావుకూ లేసుటోపీ లేదు, కనుక యాత్రా పాఠంలో వాటికి స్థానం లేదు.

ఏనుగుల వీరాస్వామయ్య 1830-31 కాశీయాత్రలో మజిలీ మజిలీకీ నీటి వసతి, అంగళ్ళు, బస రాసిపెట్టుకొన్నాడు. మజిలీ అంటే రాత్రి గడపడం. ఒకరోజు యాత్రలో ఆగడమే ఉంది, మజిలీ లేదు. యాత్రారచనను విమర్శించేటప్పుడు రచయిత ఎన్ని ఊళ్ళు చూశాడని కాక, ఏ ఊరిలో చీకటి పడేవరకు ఉన్నాడని అడగడం మేలు. రాత్రి ఉండే వీలు లేనివారికి మరొక దారి ఉంది: కనబడిన వస్తువులలో ఒకదాన్ని పట్టుకొని వెనక్కి నడవడం. వోలెండమ్ రేవుగట్టున రొట్టెలో పెట్టి అమ్మే పొగబెట్టిన ఈల్ చేపనే తీసుకోవచ్చు. ఆ చేప అట్లాంటిక్‌లోని సర్గాసో సముద్రంలో పుడుతుంది. పిల్లగా ఐరోపా నదులకు ఈదుకొస్తుంది. గుడ్లు పెట్టడానికి మళ్ళీ అంతదూరం పోవాలి. దాని సంఖ్య నేడు ప్రమాదకరంగా తగ్గిపోయింది. చెరువులలో పెంచే ఈల్ కూడా సముద్రం నుంచి పట్టి తెచ్చిన పిల్లలే. 1932లో మూసిన గండి వాటి దారికి కూడా అడ్డమైంది. అందుకే ఇటీవల అఫ్‌స్లౌట్‌డైక్‌ను ఒకచోట తొలిచి, ఉప్పునీటికీ మంచినీటికీ నడుమ చేపలు రాకపోకలు సాగించడానికి ఒక కృత్రిమ నదిని నిర్మించడం మొదలుపెట్టారు.