ఆగిన మార్కర్

హైదరాబాద్ దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లలో గ్రూప్స్ ఉద్యోగ పరీక్షల పాఠాలు చెప్పే అధ్యాపకులకు వృత్తిలో తాము ఎదుగుతున్నదీ లేనిదీ తెలుసుకునే సాధనాలు చాలా తక్కువ. బ్యాచ్ నిండడం సంస్థ ప్రచారాన్ని బట్టి, ర్యాంకులు అభ్యర్థుల శ్రమను బట్టి ఉంటాయి కనుక, పాఠానికి ముందు మనసులో కలిగే ఇబ్బందినే వారు కొలమానంగా తీసుకోవడం సబబు. ఇక్కడ ఇబ్బంది అంటే తెలిసినదానికీ తెలియవలసినదానికీ మధ్య దూరం మనసుకు తగలడం. గాలి ఆడని గదీ, ఆలస్యంగా అందే జీతమూ పెట్టే బాధను ఈ లెక్కలో వేయడం అన్యాయం.

తెలంగాణ రాష్ట్రం ఏర్పడ్డాక ఈ కొలమానానికి గట్టి పరీక్షే ఎదురైంది. రాష్ట్ర పబ్లిక్ సర్వీస్ కమిషన్ (టీఎస్‌పీఎస్సీ) కొత్త సిలబస్‌లో ‘తెలంగాణ ఉద్యమం, రాష్ట్ర ఆవిర్భావం’ గ్రూప్-2కు నాలుగో పేపరుగా, గ్రూప్-1 మెయిన్స్‌కు ఆరో పేపరుగా చేరడంతో, అంతవరకు శాతవాహనుల నుంచి మొదలుపెట్టి చరిత్రను నోట్సు తెరవకుండా చెప్పగలిగినవారు సైతం ముల్కీ నిబంధనలను, అంటే ప్రభుత్వోద్యోగాలు స్థానికులకే దక్కాలన్న నిజాం కాలపు నియమాలను, 1956 పెద్దమనుషుల ఒప్పందాన్ని, 1973 ఆరు సూత్రాల పథకాన్ని మళ్లీ మొదటి నుంచి చదువుకోవలసి వచ్చింది. తేదీలది పెద్ద కష్టం కాదు. 1985 నాటి 610 జీవో ఎందుకు అవసరమైందని వెనక బెంచీ నుంచి ఒకరు అడిగితే, 1975 రాష్ట్రపతి ఉత్తర్వులు స్థానికతను నిర్వచించిన తీరూ, వాటిని ఉల్లంఘించి తెలంగాణలోని ఐదో, ఆరో జోన్లలో జరిగిన నియామకాలూ విడమర్చి చెప్పాలి. బోర్డు మీద మార్కర్ ఆగేది అక్కడే. ఆగిన చోట నోట్సు అంచున పెన్సిల్‌తో ప్రశ్నార్థకం పెట్టుకుని, తర్వాతి బ్యాచ్ నాటికి దానిని చెరిపి మరోచోట పెట్టుకోగలిగినవారు ఎదుగుతున్నట్టు. రెండేళ్లు అదే గుర్తు అక్కడే ఉంటే అది ఎదుగుదల కాదు, వట్టి అలసట.

ఎదుగుదలకూ అలసటకూ ఉన్న ఈ తేడా పరిశోధనలోనూ కనిపిస్తుంది. అమెరికా మనస్తత్వవేత్త రాబర్ట్ బ్యోర్క్ 1994లో ‘వాంఛనీయమైన కష్టం’ అన్న భావనను ప్రతిపాదించాడు. పుస్తకం మూసి గుర్తు తెచ్చుకోవడం వంటి శ్రమ అప్పటికి వెనకబడినట్టు అనిపించినా చదువును ఎక్కువకాలం నిలుపుతుందనీ, తగిన పునాది లేనివారికి మాత్రం అదే శ్రమ మేలు చేయదనీ దాని సారాంశం.

తెలంగాణ ఉద్యమ పేపరులోనే తగ్గకూడని ఇబ్బంది కూడా ఒకటుంది. మలిదశ ఉద్యమ పాఠంలో 2009 నవంబర్ 29 వస్తుంది. ఆ రోజు ఎల్బీనగర్ చౌరస్తాలో శ్రీకాంతాచారి అనే యువకుడు ప్రత్యేక రాష్ట్రం కోసం ఆత్మాహుతికి పాల్పడి డిసెంబర్ 3న మరణించాడు. ఎల్బీనగర్ దిల్‌సుఖ్‌నగర్ నుంచి మెట్రోలో మూడో స్టేషనే. ఒక యువకుడి ప్రాణాన్ని ఒక్క మార్కు బిట్టుగా రాయించవలసి వచ్చినప్పుడు పాఠం చెప్పేవారి గొంతు ఒక్క క్షణం ఆగుతుంది. ఆ ఆగడం ఎన్ని బ్యాచ్‌లు గడిచినా పోకపోతేనే మంచిది.