కోరికకు ముందు చిరునామా

పోయిన నెల ఒక సాయంత్రం కౌల్ బజారు నుంచి ఒక అమ్మాయి మా ఇంటికొచ్చింది. డిగ్రీ అయిపోయింది, బయటి ఊళ్లో పీజీకి దరఖాస్తు పెడుతోంది. దాంతోపాటు పేజీన్నర రాసి పంపాలట: నీ విలువలేమిటి, జీవితంలో ఏం చేయాలనుకుంటున్నావు, ఎందుకు? "ఒకసారి చూడండి సార్" అని కాగితం చేతికిచ్చి నిలబడింది. ముప్పై నాలుగేళ్లు బడిలో పిల్లలకు భాష చెప్పినవాణ్ని, చేతిలోకి కాగితం రాగానే కలం కోసం తడుముకుంటాను. కానీ అందులో దిద్దడానికేమీ లేదు. ఇంగ్లిషు తప్పుల్లేకుండా ఉంది. నిజాయితీ, పట్టుదల, నాయకత్వం, సమాజసేవ అని నాలుగు మాటలు, ఒక్కోదానికి ఒక్కో పేరా. చదివి పక్కన పెడితే, ఎదురుగా నిలబడ్డ పిల్లకూ ఆ కాగితానికీ సంబంధం కనిపించలేదు.

"ఇందులో బళ్లారి యాడుందమ్మా?" అని అడిగాను.

"బళ్లారి ఎందుకు సార్? అడ్రసు ఫారంలో రాసినా కదా" అంది.

ఆ మాటతో నాకు సంకల్పం గుర్తొచ్చింది. మన ఇళ్లలో ఏ వ్రతమైనా, గృహప్రవేశమైనా, ఆఖరికి పిల్లవాడి అక్షరాభ్యాసమైనా, ఆచమనం కాగానే పురోహితుడు మన చేత సంకల్పం చెప్పిస్తాడు. మనకు ఏం కావాలో అందులో చిట్టచివర వస్తుంది. ముందు చోటు చెప్పాలి. తర్వాత కాలం చెప్పాలి: సంవత్సరం పేరు, అయనం, రుతువు, మాసం, పక్షం, తిథి, వారం. ఆపైన గోత్రం, పేరు, ఇంటిల్లిపాది ప్రస్తావన. ఇంత చెప్పుకున్నాకే కోరిక. చోటు చెప్పే దగ్గర మా ఊళ్లో ఒక విశేషముంది. తెలుగు పురోహితుడు వస్తే శ్రీశైలం నుంచి లెక్కపెట్టి, ఆ కొండకు మేం ఏ దిక్కున ఉన్నామో చెబుతాడు. మాధ్వుల ఇళ్లకు వచ్చే కన్నడ ఆచార్యులు గోదావరి దక్షిణ తీరం అంటారు. గడప ఒక్కటే, కొలత రెండు వైపుల నుంచి. చిన్నప్పుడు రెండూ విన్నాను, రెండూ నిజమేనని అప్పుడే అనిపించింది.

పూజల మీద నమ్మకం లేనివారికి కూడా ఈ వరుస పనికొస్తుందని నా ఉద్దేశం. ఇక్కడ నిలబడ్డాను, ఈ కాలంలో ఉన్నాను, ఫలానా వాళ్ల మనిషిని, అందుకని ఇది కావాలి. ఈ 'అందుకని' లేని విలువల జాబితా ఎవరిదైనా కావచ్చు.

ఇది నాకు నేర్పింది పురోహితుడు కాదు, మా నాన్న. ఆయన చిన్న బడిలో తెలుగు చెప్పే పంతులు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. అదే రోజు బళ్లారి మైసూరు రాష్ట్రంలో కలిసింది. జిల్లాలో ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్ర వైపు పోయాయి. బళ్లారి తాలూకా ఎటన్న తగువు జస్టిస్ మిశ్రా విచారణ దాకా వెళ్లి, చివరికి మైసూరు వైపు తేలింది. పొట్టి శ్రీరాములు ప్రాణం వదిలి అప్పటికి పది నెలలు కూడా కాలేదు. ఆదోనిలో ఉన్న మా పెదనాన్న, "నువ్వు తెలుగు పంతులువి, ఆ ఊళ్లో నీకేం పని, వచ్చెయ్" అని కబురు మీద కబురు పంపాడు.

నాన్న జమాఖర్చుల పుస్తకం నా దగ్గరుంది. అందులో ఒక పేజీ మీద "బళ్లారి, 2 అక్టోబరు 1953, శుక్రవారం" అని రాసుంది. కింద మూడు వాక్యాలు. ఊరు వదలను. ఏడాది లోపల కన్నడం చదవడం, రాయడం నేర్చుకుంటాను. పిల్లలకు తెలుగు అక్షరాలు నేనే ఇంట్లో దిద్దిస్తాను. ఒక్కో వాక్యం కింద నాలుగు వేళ్ల జాగా వదిలిపెట్టారు. రెండో వాక్యం కింద, పదకొండు నెలల తర్వాతి తేదీతో, నేర్చుకున్నానన్న మాట కన్నడ లిపిలో ఉంది. అక్షరాలు వంకర, ఒత్తులు ఉండాల్సిన దానికంటే పెద్దవి. మూడో వాక్యం కింద మా నలుగురి పేర్లూ, ఎవరు ఏ నెలలో మొదటిసారి కూడబలుక్కుని చదివారో ఆ నెలలూ ఉన్నాయి. నా పేరు పక్కన "ఆలస్యం" అని కూడా ఉంది. మొదటి వాక్యం కింద ఖాళీ. ఆయన 1991లో ఇదే ఇంట్లో పోయారు.

ఆ పేజీలో భాషాభిమానం అన్న మాట లేదు, ఊరి మమకారం అన్న మాటా లేదు. పెదనాన్న రెండేళ్లు మాట్లాడలేదని అమ్మ చెప్పేది. ఆ రెండేళ్లూ ఆ మొదటి వాక్యానికి పడ్డ ఖర్చు. విలువ అన్న పేరుతో మనం ఏది రాసుకున్నా దానికి ఇట్లాంటి ఖర్చు ఒకటి ఉంటుంది. అది రాయకపోతే సగమే రాసినట్టు.

ఇట్లా చోటూ కాలం చెప్పుకుని మొదలుపెట్టినవాడు మాకు దగ్గర్లోనే ఇంకొకడున్నాడు. 2021 దాకా హంపీ మా జిల్లాలోనే ఉండేది. ఇప్పుడు విజయనగర జిల్లా వేరైంది గానీ, శ్రీకృష్ణదేవరాయలవారిని వేరు చేసుకోవడం మా వల్ల కాదు. ఆముక్తమాల్యద ఎట్లా మొదలవుతుందో ఒకసారి గుర్తు చేసుకోండి. కళింగ దండయాత్రకు పోతూ రాయలు విజయవాడలో దిగి, కృష్ణాతీరంలోని శ్రీకాకుళంలో ఆంధ్రవిష్ణువును సేవించి, ఏకాదశి ఉపవాసం ఉన్నాడు. ఆ రాత్రి కలలో దేవుడు కనిపించి తెలుగులో ఒక కావ్యం చెప్పమన్నాడు. కన్నడ దేశపు రాజుకు తెలుగెందుకన్న ప్రశ్న అక్కడే పుడుతుంది, అక్కడే జవాబూ దొరుకుతుంది. ఏ ఊరు, ఏ తిథి, ఏ పని మీద పోతుండగా, ఎవరు అడిగితే, ఏ భాషలో, ఎందుకు. అన్నీ చెప్పి కథలోకి వెళ్లాడు. సరిహద్దు మీద బతికేవాళ్లం కాబట్టి కాబోలు, నాకు ఈ భాగం మిగతా కావ్యం కంటే దగ్గరగా అనిపిస్తుంది.

అదే కావ్యంలో యామునాచార్యుడు రాజ్యం వదిలి పోతూ కొడుక్కి చెప్పిన రాజనీతి ఉంది. ధర్మంగా ఏలుకో అని ఒక్క మాటతో ఊరుకోవచ్చు. కానీ నేల కొంచెమే అయినా కుంటలు, కాలువలు తవ్వించమంటాడు, పేదరైతుకు పన్నులో వెసులుబాటు ఇమ్మంటాడు, రేవులు బాగుచేసి గుర్రాలు, ఏనుగులు, మణులు వచ్చేట్టు చూసుకోమంటాడు. కుంట తవ్వారో లేదో ఊళ్లోవాళ్లు చూసి చెప్పగలరు. విజయనగర రాజుల కాలపు రాయ కాలువ, బసవన్న కాలువ హొస్పేట చుట్టుపక్కల అరటితోటలకూ వరిమళ్లకూ ఈ పొద్దుకీ నీళ్లిస్తున్నాయి. బస్సు కిటికీలోంచి ఆ కాలువలు కనబడ్డప్పుడల్లా నాకు ఆ కుంటల పద్యం మనసులో మెదులుతుంది.

నేను ఉద్యోగంలో చేరిన ఏడాది నుంచి ఉగాదికి ఒక పేజీ రాసుకుంటున్నాను. పొద్దున ఇంట్లో పచ్చడి, పక్కింటి నుంచి వచ్చిన బేవుబెల్లం (వేప, బెల్లం), రెండూ తిన్నాక కూర్చుని రాస్తాను. తొలి పదేళ్ల పేజీల్లో అన్నీ పెద్ద మాటలే. ఆదర్శ ఉపాధ్యాయుడిగా ఉండాలి, సత్యం పలకాలి. అవి అబద్ధాలు కావు, కానీ ఆ ఏడాది నేనేం చేశానో వాటిని చూసి చెప్పలేను. నాన్న పోయాక ఆ జమాఖర్చుల పుస్తకం చేతికొచ్చింది, అప్పటి నుంచి నా రాత మారింది. 2007 ఉగాది పేజీలో ఇలా ఉంది: "తొమ్మిదో తరగతిలో ఖాళీ అయిన బెంచీల పిల్లల ఇళ్లకు పోవాలి." ఇనుప ఖనిజానికి గిరాకీ మండిపోతున్న రోజులవి. సండూరు దారి పొడుగునా ఎర్రధూళి, రాత్రీ పగలూ లారీలు. మీసాలు మొలవని పిల్లలు బడి మానేసి క్లీనర్లుగా ఎక్కేవారు. వాళ్ల చేతిలో ఆడే డబ్బు నా జీతం పక్కన చిన్నదేమీ కాదు. పదకొండు ఇళ్లకు వెళ్లాను. ముగ్గురు తిరిగొచ్చారు. పేజీ కింద అదే రాశాను: పదకొండు, మూడు. 2011 జులైలో సుప్రీంకోర్టు ఆపమన్నాక లారీలన్నీ ఒక్కసారిగా నిలిచిపోయాయి. మిగిలిన ఎనిమిది మందిలో ఇద్దరు ఏదన్నా పని చూపించమని నా దగ్గరికి వచ్చారు. విద్య గొప్పదని నేను నమ్ముతాననడానికి నా దగ్గరున్న రుజువు ఆ రెండు అంకెలే.

అమెరికాలో బెంజమిన్ ఫ్రాంక్లిన్ పదమూడు గుణాలు ఏరుకుని, వారానికొక గుణం మీద ధ్యాస పెట్టి, తప్పిన రోజు పుస్తకంలో నల్లచుక్క పెట్టుకునేవాడని ఆత్మకథలో రాసుకున్నాడు. గుణాల సంగతి అటుంచి, ఆ చుక్కలు పెట్టుకోవడం నాకు నచ్చింది. రాసినదాని కింద తర్వాత ఏం జరిగిందో రాసే జాగా ఉండాలి.

ఏం కావాలని పిల్లల్ని అడిగితే బడిలో నేర్చుకున్న జవాబు వస్తుంది. ఏది వద్దన్నావని అడిగితే ఆలోచనలో పడతారు. అందుకే నేను రెండోదే అడుగుతాను. మా ఊరి రాఘవ సంగతే తీసుకోండి. 1880లో తాడిపత్రిలో పుట్టి, మేనమామ ధర్మవరం రామకృష్ణమాచార్యుల ఊరైన బళ్లారినే ఇంటిపేరు చేసుకున్న నటుడు. పగలు కోర్టులో వాదించేవారు, రాత్రి రంగస్థలం ఎక్కేవారు. తెలుగులో, కన్నడంలో, హిందీలో, ఇంగ్లిషులో నటించారు. నాటకం తనకు జీతం రాళ్లు తెచ్చే పని కాకూడదన్నారు. ఆడవేషం మగవాళ్లు కట్టే కాలంలో, ఆడవాళ్లే కట్టాలని పట్టుబట్టి చదువుకున్న స్త్రీలను రంగస్థలం మీదికి తెచ్చారు. ఈ రెండు 'వద్దు'లు తెలిస్తే ఆయన దేన్ని ప్రేమించారో ఇంకెవరూ చెప్పనక్కర్లేదు. ఇంకో 'వద్దు' గాంధీది. 1930లో యరవాడ జైలు నుంచి ఆయన మంగళవారం మంగళవారం ఆశ్రమానికి ఒక్కో వ్రతం గురించి ఉత్తరం రాశారు. స్వదేశీ దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయారు. దాని గురించి రాస్తే రాజకీయం రాకుండా ఉండదు, జైల్లో ఉండి రాజకీయం రాయనన్న మాట తప్పినట్టవుతుంది. తనకు ప్రాణమైన దాన్ని పక్కన పెట్టేశారు. ఆ ఉత్తరాల వరసలో నన్ను అన్నిటికంటే ఎక్కువగా పట్టి నిలిపేది ఆ రాయని ఉత్తరమే.

కౌల్ బజారు అమ్మాయిని కూడా అదే అడిగాను. చాలాసేపు ఆలోచించి, "వద్దన్నది ఏముంది సార్, ఒకసారి షెడ్డాయనతో కొట్లాడినా" అంది.

వాళ్లమ్మ జీన్స్ ప్యాంట్లకు దారాలు కత్తిరిస్తుంది. షెడ్డులో కుట్టిన ప్యాంట్లు కట్టలు కట్టలుగా ఇంటికి వస్తాయి, కొసలు కత్తిరించి మళ్లీ కట్టి పంపాలి, ప్యాంటుకింత అని కూలి. వారం చివర లెక్క దగ్గర ఎప్పుడూ తేడా వచ్చేది. షెడ్డాయన చెప్పిందే లెక్క. ఈ పిల్ల పదో తరగతిలో ఉన్నప్పుడు ఒక నోటుబుక్కు పెట్టి, ఏ పొద్దు ఎన్ని వచ్చాయి, ఎన్ని పోయాయి రాయడం మొదలుపెట్టింది. ఒకసారి ఆ పుస్తకం తీసుకుని పోయి, ఆయన చెప్పిన లెక్కకు ఒప్పుకోం అని నిలబడింది. డబ్బు వచ్చింది, కానీ మూడు వారాలు వాళ్లింటికి కట్టలు రాలేదు. నాలుగో వారం మళ్లీ వచ్చాయి. అప్పటి నుంచి ఆ సందులో ఇంకో నలుగురు ఆడవాళ్ల లెక్కలు కూడా తనే రాస్తోంది.

"ఆ పుస్తకం తీసుకురా" అన్నాను. మర్నాడు తెచ్చింది. అట్ట చినిగిపోయి దారంతో కుట్టి ఉంది. లోపల ఇంట్లో మాట్లాడే మా తెలుగు, కన్నడ అక్షరాల్లో. మా జిల్లాలో ఇట్లా రాసేవాళ్లు వేలమంది ఉంటారు, ఇంట్లో ఒక భాష, బడిలో ఇంకో లిపి. "అమ్మవి 60, కట్ట విప్పినాము, 2 చినిగినవి వాపసు" అన్నట్టు వరసలు వరసలు. చినిగిన రెండూ చేతికొచ్చేసరికే చినిగి ఉన్నాయని పక్కన ఒక గుర్తు.

"ఇదంతా రాస్తే చదివేవాళ్లకు ఏం బాగుంటుంది సార్? ఇది చిన్న విషయం కదా" అంది.

నాకు కళ్లు చెమర్చాయి. ఐదేళ్లు ఒక్క వారం తప్పకుండా చేసిన పని ఆ పిల్లకు విలువ అనిపించలేదు. ఆ పని గురించి నిజాయితీ అనో నాయకత్వం అనో ఎవరూ తనతో అనలేదు కాబట్టి. మూడు వారాలు కట్టలు రానప్పుడు ఇంట్లో ఏం తిన్నారో కూడా రాయమన్నాను. ఆ ఒక్క వాక్యం రాయడానికి రెండు రోజులు పట్టింది.

నాలుగుసార్లు తిరగరాసింది. సమాజసేవ ఎగిరిపోయింది. ఇంటి దగ్గర కూర్చుని ప్యాంటుకింత అని పనిచేసేవాళ్ల కూలి లెక్కలు, దానికి సంబంధించిన చట్టాలు చదవాలని, చదివి ఇదే ఊరికి రావాలని రాసింది. మొదటి వాక్యంలోనే బళ్లారి వచ్చింది, కౌల్ బజారు వచ్చింది, ఎండాకాలం మధ్యాహ్నం రేకుల కప్పు కింద ఐదుగురు ఆడవాళ్లు కూర్చుని కత్తిరించే కత్తెరల చప్పుడు వచ్చింది.

పంపే ముందు అమ్మకు చదివి వినిపించమన్నాను. ఇంగ్లిషులో రాసినదాన్ని ఇంటి తెలుగులో ఒక్కో వాక్యమే చెప్పింది. ఆమె ఒళ్లో ప్యాంటు పెట్టుకుని, కత్తెర ఆపకుండా వింటోంది. షెడ్డాయనతో గొడవైన వారం దగ్గరికి వచ్చినప్పుడు మాత్రం కత్తెర ఆగింది.

"నలభై కాదే, ఆ వారం తేడా ముప్పై ఎనిమిదే. రెండు మనమే మర్సటి దినం ఇస్తిమి."

అమ్మాయి పాత పుస్తకం తెచ్చి వెనక్కి తిప్పి చూసింది. ముప్పై ఎనిమిదే ఉంది. కాగితం మీద నలభై కొట్టేసి, పైన ముప్పై ఎనిమిది రాసుకుంది.