కొండసీమను గూర్చిన వ్రాతలు: పగటి చూపు, రాత్రి కావలి

దేశాటనమువలన జ్ఞానము పెరుగునని పెద్దలు చెప్పుదురు. ఇది నిజమే గాని, దీనికొక నిబంధన గలదు. చూచువాడు దేనిని వెదకునో దానినే కనును. అడవిమృగములను చూడబోయినవాడు మృగములనే చూచును. ఆ మృగములతో నొక్క చెఱువునీరు త్రాగుచు, ఒక్క కొండగట్టు నానుకొని బ్రతుకు మనుష్యుడు వాని కంటబడడు. పడినను త్రోవ చూపువాడుగనో, బండి తోలువాడుగనో మాత్రమే పడును. ఈ లోపము యాత్రికునియందే యున్నంతవఱకు నష్టము వానిదొక్కనిదే. అది వ్రాతలోని కెక్కినపుడు చదువరులందఱకును నష్టమగును. మదనపల్లె, పుంగనూరు, కుప్పము అను పట్టణములు గల కొండసీమను గూర్చియు, దాని నానుకొనిన యడవులను గూర్చియు వచ్చిన వ్రాతలను ఈ దృష్టితో పరిశీలింప మేమిచ్చట బూనుకొనుచున్నాము.

గుణదోషముల నిర్ణయించుట కొక కొలబద్ద కావలెను. మా కొలబద్ద మిగుల సులభమైనది. ఆ వ్రాతలో రాత్రి యున్నదా, లేదా? పగలు యాత్రికునిది, రాత్రి యాయూరివారిది. సూర్యోదయమును జూచి, చిత్రములు దీసికొని, చీకటిపడకముందే బసకు జేరువాడు యాత్రికుడు. చీకటి పడిన పిదప చేని గట్టున మంచె యెక్కి తెల్లవార్లు కన్ను మూయనివాడు రైతు. మృగములు సంచరించునది ముఖ్యముగా రాత్రియందే. కాబట్టి రాత్రిని విడిచిన వ్రాత మనుష్యునే గాదు, మృగమును సైతము సగమే చూచిన వ్రాత.

ఈ సీమ యెట్టిదో మొదట జెప్పవలెను. దక్కను పీఠభూమి తూర్పుకనుమలతో గలియుచోట నిది యున్నది. 1911లో చిత్తూరు జిల్లా యేర్పడినపుడు దీనిలో కొంత కడప జిల్లానుండియు, కొంత ఉత్తర ఆర్కాటునుండియు వచ్చి చేరినది. కుప్పముకడ తెలుగు, తమిళము, కన్నడము మూడును గలిసి వినవచ్చును. నేల రాతినేల, వాన కొఱత. చెఱువులు, బావులు, రాగిచేలు, వేరుసెనగ, మల్బరితోటలు, మదనపల్లె టమాటాలు, ఇవి యిచ్చటి బ్రతుకుదెరువులు. పొలము ముగిసినచోటనే గుట్ట యారంభించును. గుట్ట దాటగానే యడవి. ఇట్టిచోట వన్యజీవనము, జనజీవనము అని రెండు వేఱు ప్రకరణములు వ్రాయుట యసాధ్యము. అయినను మన యాత్రికులు వ్రాయుచునేయున్నారు.

నేటి పత్రికలలో వచ్చు యాత్రావ్రాతలను దీసికొందము. మదనపల్లెకు సమీపమున 4,000 అడుగులకు మించిన యెత్తుగల హార్స్లీకొండను వర్ణింపని యాత్రికుడు లేడు. చల్లనిగాలి, పొగమంచు, సూర్యాస్తమయము, ఇవి ప్రతివ్రాతలోను నొక్క మాదిరిగనే యుండును. 19వ శతాబ్దమున కడప కలెక్టరైన హార్స్లీ దొర యచ్చట నిల్లు గట్టించెననుటయు విడువరు. ఆ కొండకు పూర్వనామ మేనుగు మల్లమ్మకొండ. మల్లమ్మ యను బాలిక యేనుగుల పోషణలో బెరిగి, కొండజనులకు వైద్యము జేసి, యొకనాడు కానరాకపోయెనని యచ్చటివారు చెప్పుకొందురు; ఆమెను దేవతగా గొలుతురు. యాత్రికులీ గాథను గూడ నొక వాక్యమున జెప్పి ముందుకు సాగుదురు. నిలిచి యోచించినచో, ఆ గాథలోనే యీ సీమ తత్త్వమంతయు నున్నది. మృగమును, మనుష్యుని, వైద్యమును, దైవమును ఆ జనులు నాలుగు గదులలో బెట్టలేదు. వారి కథకు గల సమగ్రత చదువుకొన్నవారి వ్యాసమునకు లేకపోవుట శోచనీయము.

ఆ కొండ రాళ్లనడుమ పసుపుగొంతు పిగిలిపిట్ట యనునొక చిన్నపక్షి కలదు. దక్షిణ ద్వీపకల్పమందలి రాతికొండలలో దప్ప లోకమున మఱెచ్చటను నది లేదు. 1845లో జెర్డను దొర దానిని శాస్త్రలోకమునకు దెలిపెను. దూరదేశమువారు దానికొఱకు వచ్చుచుండ, కొండమీది వ్రాతలలో దాని పేరైనను గానరాదు. ముళ్లపొదలతో గూడిన రాతిగుట్ట పనికిరాని నేలయని తలచువారికి నీ పక్షి సమాధానము.

తెలుగున యాత్రాగ్రంథమునకు మంచి మేలుబంతి లేకపోలేదు. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830, 1831 సంవత్సరములలో చెన్నపట్టణమునుండి కాశికి బోయి మరలివచ్చి వ్రాసిన కాశీయాత్రచరిత్ర 1838లో అచ్చుపడినది. ఆ గ్రంథకర్త సౌందర్యవర్ణనకు వ్రాయలేదు. ఏ మజిలీలో నీరు దొరకును, ఏ యూర నంగళ్లు గలవు, ఏ దారి యెట్టిది, ఎవ రచ్చట గాపురమున్నారు, ఏ బాధలు పడుచున్నారు అని వ్రాసెను. తన వెనుక రాబోవు బాటసారికిని, దారిలోని యూరివారికిని నాతడు ఋణపడియున్నట్లు వ్రాసెను. ఈ ఋణభావమే నేటివారియందు మృగ్యమైనది.

ఇక నడవికథలకు వత్తము. బొల్లారమున 1910లో జన్మించి 1974లో గతించిన కెన్నెత్ ఆండర్సను ఆంగ్లమున వ్రాసిన వేటకథలు జగత్ప్రసిద్ధములు. 1954లో వెలువడిన ఆతని మొదటి పుస్తకమున చిత్తూరు సీమయందలి చామల లోయలోని నరభక్షకవ్యాఘ్రమును గూర్చిన కథ యొకటి గలదు. మదనపల్లెనుండి తిరుపతికి బోవు భాకరాపేట దారి యా యడవుల ప్రక్కనే పోవును. మా కొలబద్దను బట్టి యీతని కధికస్థానమే యియ్యవలెను. ఆతని కథలలో రాత్రి యున్నది. చెట్టుమీద గూర్చుండి గడియలు లెక్కించుట, ఆకు కదలినంత మాత్రమున గుండె ఝల్లుమనుట, ఏ జంతువు ఎందులకు గూసినదో యూహించుట, ఇవి చదువరిని గూడ మేలుకొలుపును. ఊళ్ల పేర్లు, వాగుల పేర్లు, దూరములు సరిగా జెప్పును. బైరా యను పూజారివలన తాను అడవిని నేర్చుకొన్నవిధమును చెప్పుటకు ప్రత్యేకముగ నొక ప్రకరణమునే వ్రాసెను. ఇంత వినయము వేటకాండ్రలో నరుదు.

కాని లోపమును చెప్పకుండుట విమర్శకుని ధర్మము గాదు. ఆండర్సను కథలలో పల్లెవాడు ప్రాయికముగా రెండు సందర్భములలో ప్రవేశించును: పులివాత బడునపుడు, పులివార్త దెచ్చునపుడు. పులి కూలినతోడనే కథ ముగియును; పల్లెయు నంతటితో ముగియును. తండ్రి పోయిన యింట చేను దున్నినదెవరు? భయముచే మూతబడిన దారి మరల నెప్పుడు తెఱవబడెను? ఈ ప్రశ్నలు తుపాకి చప్పుడులో నణగిపోవును. వేటకాని రాత్రి పది రాత్రులు; అచ్చటివాని రాత్రి జన్మాంతము. మొదటిది సాహసము, రెండవది జీవితము. సాహసమును వ్రాయువారు పెక్కండ్రు గలరు. జీవితమును వ్రాయువారు కొద్దిమంది.

ఆ కొద్దిమందిలో నగ్రగణ్యుడు చిత్తూరు జిల్లావాడే. 1946లో జన్మించి 2015లో కీర్తిశేషులైన డాక్టరు కేశవరెడ్డిగారు నిజామాబాదు జిల్లాలో కుష్ఠురోగులకు వైద్యము జేయుచు, దూరమునుండి తమ సొంతసీమను వ్రాసిరి. వారి ‘అతడు అడవిని జయించాడు’ అను చిన్ననవలలో నాయకుడు పందులు మేపుకొను నొక ముసలివాడు. తప్పిపోయిన పందిని వెదకుచు నాతడు రాత్రివేళ నడవిలోనికి బోవును. అంతే కథ. పలువురు దీనిని 1952లో వెలువడిన హెమింగ్వే సముద్రకథతో బోల్తురు. పోలిక పైపైకి సరియే గాని, లోతున భేదము గలదు. ఆ జాలరి తనకింకను దక్కని గొప్ప వేటకై పోయెను. ఈ ముసలివాడు తనదైన దానిని గోల్పోయి, దానిని దిరిగి తెచ్చుకొనుటకు బోయెను. బీదవాని సాహసమెల్ల నిట్టిదే. లాభమునకు గాదు, నష్టమును నివారించుకొనుటకు. ఈ గ్రంథమున నడవి వేడుకగా జూచునది గాదు. నక్క కూత, గాలి దిశ, అడుగుజాడ, ప్రతిదియు ముసలివానికి బ్రతుకులెక్క. శాస్త్రజ్ఞుని పరిజ్ఞానమునకు నీతని పరిజ్ఞాన మేమాత్రమును దీసిపోదని గ్రంథకర్త చెప్పకయే చూపెను. కొండసీమనుగూర్చి వ్రాయదలచువా రీ పుస్తకమును మొదట జదివి, పిదప ప్రయాణము గట్టుట మంచిది.

అచ్చటివాని రాత్రి జ్ఞానము కథలలోనే గాక శాస్త్రమునందును ఫలించెను. కలివికోడి యను పక్షి 1900 తరువాత నెవరికిని గానరాక నశించినదని పండితులు నిశ్చయించిరి. 1986లో నది కడప జిల్లా లంకమల ప్రాంతమున మరల గనబడినది. కనబఱచినవాడు పుస్తకము చదివినవాడు గాదు. రాత్రివేళ దీపముతో పొదలలో దిరుగు నలవాటుగల స్థానికుడు. పండితలోకము పోయినదనుకొన్న పక్షికి పల్లెవారి నోట పేరు నిలిచియేయున్నది.

ఇప్పుడు కుప్పమునకు వత్తము. ఇచ్చటనే మా వాదమునకు ముఖ్యస్థానము. సుమారు 200 ఏండ్లుగా నేనుగు లేని యీ ప్రాంతమునకు 1980 తరువాతి సంవత్సరములలో హోసూరు, ధర్మపురి యడవులనుండి యేనుగులు తరలివచ్చినవి. 1990లో పలమనేరు, కుప్పము ప్రాంతముల యడవిని కౌండిన్య అభయారణ్యముగా జేసిరి. దాని విస్తీర్ణము సుమారు 357 చదరపు కిలోమీటర్లు. అది సన్నని యడవి, వేసవిలో నీరు తక్కువ, చుట్టును పల్లెలు. పెరిగిన యేనుగునకు దినమునకు 150 కిలోల వఱకు మేత కావలెను. రాగి వెన్నుబట్టినపుడు, చెఱకు తీయనెక్కినపుడు, అరటి గెలవేసినపుడు నవి రాత్రి దిగివచ్చును. రైతు మంచెమీద కూర్చుండి డబ్బాలు గొట్టును, టపాకాయలు గాల్చును, దివిటీలు చూపును. కందకములు త్రవ్విరి, సౌరవిద్యుత్తు కంచెలు వేసిరి. కందకము వానలకు పూడును. బండనేలలో ద్రవ్వుటకే వీలుగాదు. కొందఱు దొంగతనముగా కరెంటుతీగలు చుట్టగా నేనుగులు చచ్చినవి. ఏనుగులవలన మనుష్యులును చచ్చిరి. 2025లో కర్ణాటక ప్రభుత్వము శిక్షితములైన కుంకీ యేనుగుల నాంధ్రప్రదేశమున కిచ్చినది. పలమనేరు సమీపమున ముసలిమడుగున వానికి శిబిర మేర్పడినది.

ఈ విషయమున మన వ్రాతలు రెండు తెగలుగా జీలినవి. యాత్రావ్యాసము దీనిని గజరాజదర్శన మనును. దినపత్రిక గజదాడి యనును. మొదటిదానిలో రైతు లేడు. రెండవదానిలో నేనుగు బ్రతుకు లేదు. అది యెందులకు వచ్చినదో, దాని దారి నెవరు మూసిరో లేదు. ఒకే జంతువును గూర్చిన యీ రెండు సాహిత్యములు నొకదాని ముఖ మొకటి చూడకున్నవి. ఫలితమేమి? పట్టణవాసి యేనుగును బ్రేమించి రైతును దూషించును. రైతు విసిగి యేనుగును ద్వేషించును. చెడువ్రాతవలన బుట్టిన చీలిక యిది. మంచివ్రాతవలన గొంతయైనను మానవలెను.

పుంగనూరు గోవు గతియు నిట్లే యున్నది. మూడడుగులకు మించని యీ పొట్టియావు కొద్దిపాటి యెండుమేతతో బ్రతికి, వెన్న హెచ్చుగాగల పాలిచ్చును. కఱవుసీమ రైతు తన యవసరమునకు దగినట్లు తరతరములుగా గాపాడుకొన్న సంపద యది. 2024 సంక్రాంతికి ప్రధానమంత్రి తన నివాసమున నీ యావులకు మేతబెట్టిన చిత్రములు వెలువడిన పిదప దానిపేరు దేశమంతట మ్రోగినది. కీర్తికి సంతోషమే. కాని ధనవంతుల ముంగిట ముద్దులమూటగా మాత్రమే యది మిగిలినచో, ఆవు నిలిచి, దానిని బుట్టించిన యర్థము పోవును.

‘వినోదమునకు బోవువాని నెత్తి నింతభార మేల?’ యని కొంద ఱడుగవచ్చును. వినోదమును మేము నిందింపము. గాలికై కొండకు బోవువాడు గాలి పీల్చి రావచ్చును. వాని నెవరు నేమియు ననరు. కాని తాను చూచినదానిని పదిమందికి జెప్పబూనినవాడు సాక్షి యగుచున్నాడు. సాక్షి సగము చెప్పుట యసత్యముతో సమానము.

కావున మా సూచనలు రెండు. కొండసీమకు బోవువారు సాధ్యమైనంతవఱకు నొక రాత్రి పల్లెలో నుండవలెను. బండ్లతో నేనుగుల వెంటబడుట మానవలెను. మార్గదర్శకుడైన పల్లెవానికి దగిన కూలి యిచ్చి, వాని మాటను గ్రంథమున నెక్కింపవలెను. రెండవది, మంచెమీది వారి మాటలను సేకరించు పని నెవరైన చేబూనవలెను. కావలి పద్ధతులు, అడుగుజాడల పేర్లు, ఏనుగుదారుల గుర్తులు, మూడుభాషల పలుకులు వృద్ధులతో నశింపకముందే వ్రాసిపెట్టవలెను. కుప్పమున 1997లో స్థాపితమైన ద్రావిడ విశ్వవిద్యాలయ మిట్టి పనికే తగినచోట నున్నది. నష్టపడిన రైతునకు బరిహారము త్వరగా నందవలెనని వ్రాయుటయు సాహిత్యధర్మమునకు వెలియైనది గాదు. పంటపోయినవాని నోట నేనుగును గూర్చి మంచిమాట రావలెనన్న, ముందు వాని గాదెలో గింజ యుండవలెను.

కేశవరెడ్డిగారు చూపిన బాట యున్నది; వీరాస్వామయ్యగారి ఋణభావ మున్నది. ఈ రెంటిని గలిపి కుప్పము రాత్రిని వ్రాయు గ్రంథము తెనుగున నింకను రావలసియున్నది. చదువరులలో నా సీమవారు పెక్కండ్రు గలరు. దూరమునుండి వచ్చు యాత్రికుని కొఱకు గాచుకొనక, మంచె యెఱిగినవారే కలము పట్టుదురు గాక.