యుద్ధభూమిలో కూలి: త్రాసు ఎవరి చేతిలో ఉంది?

వలస కూలీకి సలహా చెప్పేవాళ్లకు మన దేశంలో కరువు లేదు. రాయబార కార్యాలయం చెబుతుంది, పత్రికల చివరి పేజీ చెబుతుంది, విమానాశ్రయంలో గోడమీది కాగితం చెబుతుంది. అందరూ చెప్పేది ఒకటే: అశాంతి ఉన్న దేశాలకు పనికి పోయేముందు ప్రమాదాన్నీ జీతాన్నీ పక్కపక్కన పెట్టి తూచుకోండి, నమోదైన ఏజెంటు దగ్గరికే పోండి, విజిట్ వీసా మీద పోకండి. ఇందులో అబద్ధం ఏమీ లేదు. మా పేచీ ఆ మాటలతో కాదు. ఆ మాటల వెనక ఉన్న మనిషి ఊహతో. ఈ సలహా ఊహించుకున్న కూలీకి రెండు తట్టల త్రాసు ఉంటుంది. ఒక తట్టలో పరదేశం, రెండో తట్టలో క్షేమమైన ఇల్లు. ఇష్టముంటే పోతాడు, లేకపోతే ఇంటిపట్టున ఉంటాడు. ఆ రెండో తట్టలో ఏముందో ఎవరూ తూచి చూడరు.

మాల మాదిగ పల్లెనుంచి చూస్తే ఆ తట్ట ఖాళీగా ఏమీ లేదు. అందులో జీతగాడి బతుకుంది, మూడు రూపాయల వడ్డీ ఉంది, దెబ్బలున్నాయి. 1985లో కారంచేడు, 1991లో చుండూరు ఏ అస్థిర దేశంలో జరిగాయి? చుండూరులో ఎనిమిదిమందిని చంపారు. ఆ కేసులో 2014లో హైకోర్టు నిందితులందరినీ వదిలేసింది. ఇటువంటి చోట బతికేవాడికి 'అక్కడ శాంతిభద్రతలు సరిగా లేవు' అని చెబితే వాడు ఏమని అర్థం చేసుకోవాలి? బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి అని తెలంగాణ పల్లెల్లో వరసగా చెబుతారు. ఆ వరసలో భద్రమైన బాయి ఒక్కటీ లేదు.

అయితే ఇక్కడితో ఆగిపోయే వాదన ఒకటి మన ఉద్యమంలోనే వినిపిస్తూ ఉంది. దాన్ని కూడా ఒప్పుకోలేము. దొర గడీ నుంచి, భూస్వామి గట్టునుంచి తప్పించుకుని పోవటమే విముక్తి, గల్ఫ్ డబ్బుతో కట్టిన స్లాబు ఇల్లే అంటరానితనానికి జవాబు అని కొందరు మిత్రులు రాస్తున్నారు. స్లాబు ఇంటిని మేము చిన్నచూపు చూడటం లేదు. ఊరవతల గుడిసె ఉన్న జాగాలో డాబా లేస్తే ఊరివాళ్ల కళ్లు ఎట్లా మండుతాయో మనకు తెలుసు. కాని ఆ డాబా కోసం మోసుల్‌కి పోయినవాడు మోసుల్‌లో ఏమయ్యాడో చెప్పకుండా విముక్తి అనటం బాధ్యత లేని మాట.

2014 జూన్‌లో మోసుల్ ఐసిస్ చేతిలోకి పోయింది. అక్కడ భవన నిర్మాణంలో పనిచేస్తున్న 40 మంది భారతీయ కూలీలు బందీలయ్యారు. ఒకడు తప్పించుకుని వచ్చి, మిగతావాళ్లను వరసగా కూర్చోబెట్టి కాల్చేశారని ఆ సంవత్సరమే చెప్పాడు. ప్రభుత్వం వాడి మాట ఒప్పుకోలేదు. దాదాపు నాలుగేళ్లు వాళ్లు బతికే ఉన్నారన్న ఆశ మీద 39 కుటుంబాలను నిలబెట్టింది. 2018 మార్చి 20న విదేశాంగ మంత్రి రాజ్యసభలో 39 మందీ చనిపోయారని ప్రకటించారు. బాదూష్ దగ్గర దిబ్బలో తవ్వి తీసిన అవశేషాలకు డి.ఎన్.ఏ. పరీక్ష చేస్తే గాని ఒక కూలీ మాట నిజమని తేలలేదు. 27 మంది పంజాబ్ వాళ్లు, ఆరుగురు బీహార్, నలుగురు హిమాచల్, ఇద్దరు బెంగాల్.

ఏప్రిల్‌లో అవశేషాలు తెచ్చిన సహాయమంత్రి ఒక మాట అన్నారు. వీళ్లు అక్రమ ఏజెంట్ల ద్వారా పోయారు, వీళ్ల వివరాలు మన రాయబార కార్యాలయంలో లేవు అని. అంటే ఏమిటి? రిజిస్టరులో పేరు లేనివాడు చచ్చిపోయినా అది వాడి తప్పే. కుటుంబాలకు ఉద్యోగాల సంగతి అడిగితే, ఇది బిస్కెట్లు పంచే పని కాదు అని కూడా అన్నారు. పది లక్షల పరిహారం ఆ తరువాత వచ్చింది, నిజమే. మాట మాత్రం అట్లాగే ఉండిపోయింది.

రిజిస్టరు సంగతి ఇంకొంచెం చూడాలి. 1983 వలస చట్టం కింద పదో తరగతి దాటనివాడి పాస్‌పోర్టు మీద ఇ.సి.ఆర్. అని పడుతుంది. వాడు ఇరాక్, లిబియా, యెమెన్, సౌదీ, కువైట్ లాంటి 18 దేశాలకు పనికి పోవాలంటే అనుమతి కావాలి. ఆ అనుమతితోనే పది లక్షల ప్రవాసీ భారతీయ బీమా వస్తుంది. రెండేళ్లకు 275 రూపాయలు, మూడేళ్లకు 375. అది కూడా ప్రమాద మరణానికీ, శాశ్వత అంగవైకల్యానికీ. ఎడారి ఎండలో పనిచేసి రాత్రి పడుకుని పొద్దున లేవనివాడి కాగితం మీద గుండెపోటు అని రాస్తారు. దానికి ఆ పది లక్షలు రావు. చట్టం కులం పేరెత్తదు, పదో తరగతి అంటుంది. ఊళ్లో పదో తరగతి గడప దాటనివాడెవడో మన పాఠకులకు వేరే చెప్పక్కర్లేదు. ఇచ్చిన అనుమతుల లెక్క రాష్ట్రాలవారీగా, దేశాలవారీగా ప్రభుత్వం చెబుతుంది. కులంవారీగా చెప్పదు. కాబట్టి ఈ దేశం యుద్ధభూములకు ఎవరిని పంపుతున్నదో ఈ దేశం దగ్గరే లెక్క లేదు.

ఆ అనుమతి దొరకటం కష్టమయ్యేకొద్దీ విజిట్ వీసా సులువవుతుంది. 30 ఏళ్లు నిండని ఆడవాళ్లు ఆ దేశాలకు ఇంటిపనికి పోరాదన్న నియమం రక్షణ కోసం పెట్టిందే. కడప, గోదావరి జిల్లాల నుంచి కువైట్ పోయే ఆడవాళ్లలో ఎందరిని అది ఏజెంటు దొడ్డిదారికి నెట్టిందో ఆ జిల్లాల్లో పనిచేసే కార్యకర్తలకు తెలుసు. 2004లో ఇరాక్‌కు కూలీలు పోరాదని మన ప్రభుత్వం ఆపింది. ఆపితే ఆగిందా? కువైట్, జోర్డాన్ మీదుగా పోయారు. ఆ ఏడాది ఆగస్టులో ఇరాక్‌లో చంపబడిన 12 మంది నేపాలీలకు చెప్పింది జోర్డాన్‌లో హోటల్ పని అని. వాళ్లను పట్టుకుపోయింది ఇరాక్‌లోని అమెరికా సైనిక స్థావరానికి. వీళ్లు ఏ ప్రమాదాన్ని తూచాలి? వాళ్ల చేతికిచ్చిన కాగితంలో ఇరాక్ అన్న మాటే లేదు.

ఇక సినిమాలు. గత పదేళ్లలో ఈ విషయం మీద మన సినిమాలు బాగానే దృష్టి పెట్టాయి. 1990లో కువైట్ నుంచి సుమారు లక్షా డెబ్బయి వేల మందిని తెచ్చిన సంగతి 2016లో 'ఎయిర్‌లిఫ్ట్' అయింది. టిక్రిత్‌లో చిక్కుకుని 2014 జూలైలో విడుదలైన 46 మంది నర్సుల కథ 2017లో మలయాళంలో 'టేక్ ఆఫ్' అయింది. అదే ఏడు హిందీలో 'టైగర్ జిందా హై' కూడా అయింది. 'టేక్ ఆఫ్' వీటిలో మెరుగైనది. అప్పులూ, జీతాలూ, ఒక ఆడమనిషి ఎందుకు ఇరాక్ దాకా పోవలసి వచ్చిందో అన్న ప్రశ్నా అందులో ఉన్నాయి. 'ఎయిర్‌లిఫ్ట్' సంగతి వేరు. అక్కడ నాయకుడు ఒక కోటీశ్వరుడైన వ్యాపారి. కువైట్ నుంచి బస్సుల్లో ఇరాక్ దాటి, జోర్డాన్ సరిహద్దు ఎడారిలో గుడారాల్లో వంతు కోసం కాచుకున్న కూలి జనం ఆ సినిమాలో గుంపు. గుంపుకు ఆకలి ఉంటుంది, పేరుండదు. ఆ సినిమా తమ పాత్రను తగ్గించిందని విదేశాంగ శాఖవాళ్లు బాధపడ్డారు. కూలీల పాత్ర తగ్గిందని బాధపడినవాళ్లు కనబడలేదు. నర్సులను రక్షించటానికి హిందీ హీరో గూఢచారిగా దిగుతాడు. అదే నెలల్లో, అదే దేశంలో పట్టుబడిన 39 మంది మేస్త్రీలు, వడ్రంగుల కోసం ఏ హీరో దిగలేదు. బతికి వచ్చినవాళ్లతోనే సినిమా ఆడుతుంది అంటారేమో. కావచ్చు. ఎవరు బతికి వస్తారన్నది కూడా ఒక ప్రశ్నే కదా.

తెలుగు కూలీకి ఇది కొత్త కథ కాదు. మన తాతలు రంగం పోయారు. కోరంగి రేవునుంచి పోయినవాళ్లను బర్మావాళ్లు కోరంగీలన్నారు. 1930 మేలో రంగం ఓడరేవులో మనవాళ్లు కూలి పెంచమని సమ్మె చేస్తే యజమానులు బర్మా కూలీలను దింపారు. సమ్మె తీరాక బర్మావాళ్లను వెళ్లగొట్టారు. ఆ తగువులో వందమందికి పైగా భారతీయులు, ఎక్కువమంది తెలుగువాళ్లు, హతమయ్యారు. రెండు జాతుల కూలీలను ఒకరి మీదికి ఒకరిని తోలిన కంపెనీలకు దెబ్బ తగలలేదు. 1941 డిసెంబరు 23న జపాను బాంబులు రంగం మీద పడ్డాక లక్షలమంది కాలినడకన అడవులు దాటారు, వేలు వేలు దారిలోనే పోయారు. తెల్లవాళ్లకు ఒక దారి, నల్లవాళ్లకు ఒక దారి పెట్టారన్న ఫిర్యాదు అప్పట్లోనే గట్టిగా వచ్చింది.

ఆ పాత రంగం ఇప్పుడు ఇజ్రాయెల్‌లో కనబడుతూ ఉంది. 2023 అక్టోబరు తరువాత అక్కడి నిర్మాణ పనుల్లో ఉన్న వేలాది పాలస్తీనా కూలీల అనుమతులు రద్దయ్యాయి. వాళ్ల ఖాళీలు నింపటానికి 2024 జనవరి నుంచి రోహ్‌తక్‌లో, లక్నోలో, తరువాత హైదరాబాదులో పరీక్షలు పెట్టి మన షట్టరింగ్, రాడ్‌బెండింగ్, టైల్స్, ప్లాస్టరింగ్ పనివాళ్లను ఎంపిక చేశారు. నెలకు 1 లక్షా 37 వేలు అన్నారు. పెట్టింది ఏ దొంగ ఏజెంటూ కాదు, ప్రభుత్వ సంస్థలే. ఇజ్రాయెల్ ఆ 18 దేశాల జాబితాలో లేదు. కాబట్టి 1983 చట్టం అనుమతీ, దానితో వచ్చే బీమా నిబంధనా అక్కడికి పోయేవాడికి వర్తించవు. కార్మిక సంఘాలు ముందే వద్దన్నాయి. 2024 మార్చి 4న సరిహద్దు తోటలో క్షిపణి పడి కేరళ కూలీ ఒకడు చనిపోయాడు. మర్నాడు రాయబార కార్యాలయం భద్రమైన ప్రాంతాలకు పోండని సలహా ఇచ్చింది. కూలీ ఎక్కడ పనిచేయాలో కూలీ నిర్ణయిస్తాడా? పంపించేదీ వాళ్లే, జాగ్రత్త చెప్పేదీ వాళ్లే.

ఇంత చెప్పాక, పోదలచుకున్నవాడికి మేము ఏం చెబుతాం అని కార్యకర్తలు అడుగుతారు. 'పోవద్దు' అనే హక్కు మాకు లేదు. కాని తూచవలసినవి సర్కారు కాగితంలో లేనివి కొన్ని ఉన్నాయి.

అన్నిటికన్నా ముందు అప్పు. లక్షన్నర మూడు రూపాయల వడ్డీకి తెస్తే నెలకు 4,500 వడ్డీయే. నాలుగో నెలలో బాంబులు పడి తిరిగివస్తే చేతిలో ఔట్‌పాస్, నెత్తిన లక్షా అరవై ఎనిమిది వేలు. అందుకే బాంబులు పడుతున్నా కదలరు. 2014లో ఇరాక్ నర్సుల్లో కొందరు జీతాలు రాకుండా, అప్పు తీరకుండా ఎట్లా వస్తామని అన్నారు. ఏజెంటు చట్టప్రకారం 30 వేలు, పైన పన్ను మాత్రమే తీసుకోవాలి. మిగతాదంతా యుద్ధం వచ్చిన రోజు కాలికి కట్టిన బండ. జీతం నెలనెలా ఇస్తారా, చివర్లో ఇస్తారా అన్నది రెండోది. బకాయి పెట్టేవాడు కూలీని కట్టేసినట్టే. మూడోది పాస్‌పోర్టు. 2015లో యెమెన్ నుంచి 4,600 మందికి పైగా భారతీయులను ఓడల్లో, విమానాల్లో తెచ్చారు, మెచ్చుకోవలసిందే. అప్పుడు కూడా యజమాని పాస్‌పోర్టు ఇవ్వక, ఎగ్జిట్ వీసా రాక ఆగిపోయినవాళ్లున్నారు. ఓడ వచ్చినంత మాత్రాన ఎక్కగలమని లేదు. కఫీల్ దగ్గరనుంచి పారిపోయి ఖల్లివెల్లి అయినవాడికి ఇంకా కష్టం. వాడు జైలును దాటాలి, జరిమానాను దాటాలి, తరువాత గాని యుద్ధాన్ని దాటలేడు. వీసాలో ఉన్న కంపెనీ, పని చేయించే కంపెనీ ఒకటేనా, పని ఊరు రాజధానికి ఎంత దూరం, ఇంట్లోవాళ్ల దగ్గర కాంట్రాక్టు నకలు ఉందా అన్నవి చిన్న ప్రశ్నల్లా ఉంటాయి. మోసుల్ వాళ్ల వివరాలు రిజిస్టరులో లేవన్నప్పుడు ఇంట్లో ఉన్న కాగితమే సాక్ష్యం. విజిట్ వీసా మీద పోయినవాడు కూడా రాయబార కార్యాలయంలో పేరు రాయించుకోవచ్చు. భయపడి రాయించుకోరు. ఆ భయం పోగొట్టటం సంఘాల పని.

యుద్ధం వల్ల నష్టపోయిన కూలీకి పరిహారం ఇవ్వటం అసాధ్యం అనేవాళ్లకు కువైట్ ఉదాహరణే జవాబు. 1991లో ఐక్యరాజ్యసమితి పరిహార కమిషన్ పెట్టింది. కువైట్ విడిచి రావలసి వచ్చినవాడు అక్కడ ఉన్నట్టు, వచ్చేసినట్టు చూపిస్తే చాలు, ఒంటరి మనిషికి 2,500 డాలర్లు, కుటుంబానికి 5,000. వేరే క్లెయిము పెట్టనంటే 4,000, 8,000. ఆ డబ్బు ఇరాక్ చమురు అమ్మకం నుంచి వచ్చింది. నష్టం ఎంతో లెక్క చెప్పలేని వంటమనిషికీ, డ్రైవరుకీ అది అందింది. 2011 లిబియాకు, 2014 ఇరాక్‌కు, 2015 యెమెన్‌కు అలాంటి కమిషన్ రాలేదు. మన ప్రభుత్వం దానికోసం పట్టుబట్టిందీ లేదు. అప్పు ఇచ్చినవాడు మాత్రం ఏ యుద్ధానికీ వడ్డీ ఆపలేదు.

1983 చట్టం స్థానంలో కొత్త చట్టం కోసం 2019లో ఒకటి, 2021లో ఒకటి ముసాయిదాలు వచ్చాయి. 2021 ముసాయిదాలో నియమం తప్పిన కూలీకి యాభై వేల దాకా జరిమానా, పాస్‌పోర్టు రద్దు కూడా పెట్టారు. నమోదు లేకుండా పోయాడని మోసుల్ కూలీని మంత్రి నోటితో తప్పుపట్టారు, ముసాయిదాలో దాన్నే శిక్షగా రాశారు. కొత్త చట్టం ఎప్పుడు సభకు వచ్చినా, ఇ.సి.ఆర్. ముద్ర పడినవాళ్లలో దళితులెందరు, ఆదివాసులెందరు, ముస్లింలెందరు, వెనుకబడిన కులాలవాళ్లెందరు, ఆడవాళ్లెందరు అన్న లెక్కను ముందు బల్లమీద పెట్టమని మన సంఘాలు అడగాలి. ఆ లెక్క వచ్చాక ఆ జరిమానా నిబంధన ఎవరి మెడకు పడుతుందో విడిగా చర్చించవచ్చు.