నల్ల అద్దంలోంచి తెల్ల సున్నం

చాంద్రాయణగుట్టలో ఒక మేడ మీంచి, వానాకాలపు సాయంత్రం తీసిన ఫొటో ఇది. ముందు సున్నం వేసిన పిట్టగోడ, దూరాన గుట్ట మీద ఫలక్‌నుమా ప్యాలెస్, పైన ఏకిన దూదిలా సాగిన మబ్బులు. రోడ్డు మీద ఒక్క ఆటో కనబడదు. రెండు నిమిషాలు షట్టర్ తెరిచి ఉంచితే కదిలేవన్నీ మాయమైపోతాయి. నిలిచి ఉన్న తోపుడుబండి మాత్రం మిగిలింది.

ఇందుకు మా కుర్రాడు వాడింది వెల్డింగ్ వాళ్లు కళ్లకు అడ్డం పెట్టుకునే పదో నంబరు నల్ల అద్దం. రబ్బరు బ్యాండ్లతో లెన్స్‌కు బిగించాడు. లెక్క ప్రకారం అది వెలుతురును ఏడు వేల వంతుల్లో ఒక వంతుకు తగ్గిస్తుంది. సెకనులో 60వ వంతు చాలే చోట రెండు నిమిషాలు కావాలి. చిక్కల్లా రంగుతోనే. ఆ అద్దం ఎరుపునూ నీలాన్నీ బాగా ఆపి, ఆకుపచ్చను ఎక్కువగా వదులుతుంది. సరిదిద్దకపోతే ఊరంతా నాచు పట్టిన కోనేటి అడుగున ఉన్నట్టుంటుంది. ఒక మేలూ ఉంది: కొన్ని ముదురు ఫిల్టర్లు పరారుణ కిరణాలను వదిలేసి నల్లబట్టను గోధుమరంగుకు తిప్పుతాయి. ఇది వాటినీ ఆపుతుంది.

అద్దం కట్టకముందే ఫోకస్ చూసుకుంటాడు. కట్టాక, వెలుతురు దూరకుండా వ్యూఫైండర్ మూస్తాడు. నన్ను కట్టిపడేసింది ఆ తర్వాతి పని. పరీక్షకు తీసిన ఫొటోలో మూడు రంగుల హిస్టోగ్రామ్‌లనూ వైట్ బ్యాలెన్స్ మార్చకముందే చూస్తాడు. మార్చాక చూస్తే కెమెరా ఎరుపును తానే పెంచి చూపుతుంది, మనం మోసపోతాం. ఆకుపచ్చ కుడి అంచుకు తగలకూడదు, ఎరుపు ఎడమ మూలన నలిగిపోకూడదు. ఆ సన్నని సందులోనే ఎక్స్‌పోజర్ నిలపాలి. అరకొరగా పడ్డ ఎరుపును తర్వాత కంప్యూటర్‌లో పెంచితే నీడలన్నీ గరుకెక్కుతాయి.

ఆపైన అదే వెలుతురులో, అదే అద్దంలోంచి తెల్లకాగితాన్ని ఫొటో తీసి, తెలుపు ఇదీ అని కెమెరాకు చెబుతాడు. పొద్దు దిగుతున్నకొద్దీ ఆ కాగితాన్ని మళ్లీ తీయడు. ఎండ కాస్త తెల్లగా ఉన్నప్పుడు తీసిన దాన్నే కొలతగా ఉంచుకుంటాడు. మళ్లీ తీస్తే అద్దపు పచ్చదనంతో పాటు సాయంత్రపు పసుపూ చెరిగిపోతుందట. ఈ విచక్షణే పనితనం అంటాను.

అద్దం లెన్స్ కోసం చేసింది కాదు గనుక మూలలు మెత్తబడ్డాయి. పిట్టగోడ సున్నం మాత్రం తెల్లగా ఉంది, దాని పడమటి అంచున పసుపు ఎండ అలాగే ఉంది.